పసుపు చుక్క, కుంకుమ చుక్క

ఎనిమిదో తరగతితో నాకూ బడికీ తెగిపోయింది. నేను మానేసినందుకు బడి ఏడ్చినట్టు ఎవరూ చెప్పలేదు. మా లెక్కల అయ్యవారైతే ఆ రోజు అందరికీ బొరుగులు పంచిపెట్టాడని తర్వాత విన్నాను. అలాంటివాణ్ని ఇరవై ఏళ్ళకు పైగా బళ్ళారి బజారులో కంప్యూటర్లు బాగుచేసి బతికాను. తెర మీద వచ్చేదంతా ఇంగ్లీషు. నాకొచ్చిన ఇంగ్లీషు మూడు మాటలు: యెస్, నో, క్యాన్సల్. వాటిలోనూ చివరి రెండింటితో నాకు పెద్దగా పని పడేది కాదు. ఈత రానివాడు తుంగభద్రలో గుండ్రటి పుట్టి పడవ తోసినట్టు తోసుకుంటూ వచ్చాను. మునిగింది ఒక్కసారే. అదీ నేను కాదు, నా పుట్టిలో కూర్చున్నవాళ్ళు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆ కథ చెప్పాలి. నేను బాగుచేసిన యంత్రాల గురించి చెబితే మీకు నిద్రొస్తుంది. చెడగొట్టినదాని గురించి చెబుతాను, మేలుకొని వింటారు.

మా అంగడి ఒక సావుకారుది. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే బజారులో వ్యాపారం. మొదట దారాలు అమ్మారు, తర్వాత రేడియోలు, ఆ తర్వాత కంప్యూటర్లు. సరుకు మారింది గానీ పూజ మారలేదు. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టందే ఒక్క మీట నొక్కనిచ్చేవాడు కాదు. అది దేవుడి మీద భక్తో, కంపెనీ వారంటీ మీద అపనమ్మకమో నేను అడగలేదు.

నా పక్క బల్ల భాయ్‌ది. చీమ తలకాయంత ముక్కను మదర్‌బోర్డు మీద టంకం పెట్టి నిలబెట్టగల చెయ్యి. పద్ధెనిమిదేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. ఫ్యాన్ ఎవరి వైపు తిరగాలనే ఒక్క విషయంలోనే మాకు గొడవ. అది నేను పని మానేసిన రోజుకు కూడా తేలలేదు.

నెట్‌బుక్కులని చిన్న ల్యాప్‌టాప్‌లు వచ్చేవి, మీలో కొందరు చూసి ఉండరు. టిఫిన్ క్యారియర్ అంత ఉండేవి, తలుపు వేస్తే చంకలో పట్టేవి. వాటికి సీడీ పెట్టే చోటు ఉండదు. లోపలి సిస్టమ్ పడిపోతే పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించాలి. నా దగ్గర అందుకు రెండు పెన్‌డ్రైవ్‌లు ఉండేవి. ఒకటి మనిషి దాచుకున్నవన్నీ అలాగే ఉంచి సిస్టమ్‌ను మాత్రం సరిచేస్తుంది. రెండోది ఇల్లంతా ఊడ్చి పారేసి, కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా చేస్తుంది. రెండూ నల్లగా కవలపిల్లల్లా ఉండేవి.

"పేర్లు రాసుకో మియా" అని భాయ్ వందసార్లు చెప్పాడు. రాసుకుంటే చదవాలి కదా! నేను నా దారి చూసుకున్నాను. సావుకారు పూజ పళ్ళెంలో నుంచి తడి పసుపు ఒక చుక్క తీసి మంచిదానికి పెట్టాను. కుంకుమ చుక్క తుడిచేసేదానికి. చుక్క అరిగితే మళ్ళీ పెట్టుకునేవాణ్ని. ఏళ్ళ తరబడి ఆ రెండు చుక్కలే నాకు అక్షరాలు. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ని కూడా.

ఆ ఏడు దసరాకు ముందు రోజు, ఆయుధపూజ. ఏటా నా సామాను నేనే తుడిచి, ఆ రెండు పెన్‌డ్రైవ్‌లూ పక్కన పెట్టేవాణ్ని. ఈసారి నన్ను గుమ్మడికాయ తెమ్మని పంపించి, సావుకారు మా సామానంతా తనే దించి, తడిబట్టతో తుడిచి, పీట మీద వరసగా పేర్చాడు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు, టంకం కడ్డీ, పెన్‌డ్రైవ్‌లు. ముసలాయన ఒక్కోదాని ముందూ వంగి, దేనికీ తక్కువ చేయకుండా, ప్రతిదానికీ పసుపూ పెట్టాడు, కుంకుమా పెట్టాడు. నేను గుమ్మడికాయతో వచ్చి అంతా చూశాను. పైగా, "సావుకారా, ఇంత చిన్న పెన్‌డ్రైవ్‌కు ఇంత పెద్ద బొట్టా?" అని ఎగతాళి కూడా చేశాను. బొరుగులూ బెల్లమూ తిని ఇంటికి పోయాను. కళ్ళు చూశాయి, బుర్రకు చెప్పలేదు.

పండగ మరునాడు కంప్లి నుంచి మొదటి బస్సుకు ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తియ్యడం మరచి బస్సెక్కిందట. సంచిలో నుంచి ఒక నెట్‌బుక్కు తీసి నా బల్ల మీద పెట్టింది.

"దీనికి ప్రాణముండాదా పోయినాదా చూడప్పా. పండగనాటి నుంచి తెరంతా నల్లగ ఉండాది. ఒక్క గీత మాత్రం కొట్టుకుంటాండాది."

"గీత కొట్టుకుంటాందంటే ప్రాణమున్నట్లేనమ్మా. పూజ చేస్తివా దీనికి?"

"చేస్తి. టెంకాయ గూడా కొడితి."

"దీని మీదనా?"

"నా నెత్తిన కొట్టుకుంటిలే. చూడు ముందు."

నాకు మాట పడితే మాట ఇచ్చేవాళ్ళంటే ప్రాణం. టీ తెప్పించాను. దాంట్లో ఏముందని అడిగితే చెప్పింది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె బళ్ళారిలో ఒక జీన్స్ ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసింది. దారాలు కత్తిరించే పనితో మొదలై, కంప్యూటర్‌లో ప్యాంటు కోతల బొమ్మలు గీసేదాకా వచ్చింది. కార్ఖానా మూతపడ్డప్పుడు యజమాని ఈ నెట్‌బుక్కు ఆమెకు ఇచ్చేశాడు. కంప్లిలో ఇంటి దగ్గరే కుడుతోంది. కానీ అందరికీ కుట్టదు. పోలియో వచ్చి కాలు సన్నబడినవాళ్ళకు, ఇనుప పట్టీల మీద ప్యాంటు వేసుకోవలసినవాళ్ళకు, ప్రమాదంలో ఒక కాలు పొట్టి అయినవాళ్ళకు మాత్రమే.

"రెండు కాళ్ళూ ఒకటిగ ఉన్నోళ్ళకు అంగట్లో దొరుకుతాయి గదప్పా, నేనేంటికి?" అంది. "వీళ్ళ కాలు ఒక్కసారికి మాట వినదు. మూడుసార్లు, నాలుగుసార్లు కుట్టి విప్పల్ల. సరిపోయినంక ఆ బొమ్మ దీంట్లో పెట్టేస్తా. మళ్ళా వాళ్ళు రానక్కరలేదు. ఫోన్ చేస్తే కుట్టి బస్సులో పంపిస్తా. ఒకసారి కొలతిచ్చినోళ్ళు ఇంకోసారి ఎవురి ముందరా కాలు చూపిచ్చి నిలబడే పని ఉండగూడదు. ఆ మాట ఇచ్చే నేను టేపు పట్టేది."

ఆ కాళ్ళు చూపించుకొని నిలబడడం ఎలాంటిదో ఆమె నాకు వివరించలేదు. అక్కర్లేకపోయింది.

"నలభై ఒక్కమంది ఉండారు దాంట్లో. జాగ్రత్తప్పా."

"మీ కంప్లి బస్సోడు గూడా ఇంత జాగ్రత్తగ తీసుకపోడమ్మా. పోయి నీ పని చూసుకొని రాపో" అన్నాను. ఆమె దారాలూ జిప్పులూ కొనడానికి బజారులోకి వెళ్ళింది.

ముందు అన్నిటికీ కాపీ తీసుకోవాలి కదా అని మీరడుగుతారు. తీసుకోవాలి. పసుపు చుక్కది ఏమీ చెరపదులే అని తీసుకోలేదు. చెయ్యి చాచి పెన్‌డ్రైవ్ తీశాను. దాని మీద పసుపూ ఉంది, కుంకుమా ఉంది. రెండోదాని మీదా రెండూ ఉన్నాయి. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. ఎడమ పక్కన ఉన్నదే మంచిదై ఉంటుందనుకున్నాను. ఎందుకనుకున్నానో ఈనాటికీ నాకు తెలియదు. పెట్టాను. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. నొక్కాను. ఇంకొంచెం పెద్ద అక్షరాలతో అడిగింది. నొక్కాను. మూడోసారి ఎర్రగా అడిగింది. గుళ్ళో గంట కొట్టినట్టు దాన్నీ కొట్టి, భాయ్‌కి ఒక జోకు చెబుదామని పక్కకు తిరిగాను.

భాయ్ నవ్వలేదు. నా భుజం మీదుగా తెర వైపు చూస్తున్నాడు.

"అరె మియా, ఇది తుడిచేది కదా! కైకు నొక్కినావ్?"

నేను నెట్‌బుక్కు బోర్లా తిప్పి బ్యాటరీ పీకేశాను. ఆగలేదు. తెర మీద పని ఎంతైందో చూపే పట్టీ నింపాదిగా ముందుకు పోతూనే ఉంది. బ్యాటరీ చేతిలో పట్టుకొని, ఇది దయ్యమా ఏమిటని నేను చూస్తున్నాను. భాయ్ లేచి గోడకున్న ఛార్జరు వైరు లాగేశాడు. అప్పుడు ఆగింది. పట్టీ పదో వంతు దాటింది.

మొదట నేను చేసిన పని సావుకారు మీద అరవడం. "నీ పూజతో కొంప మునిగె సావుకారా! ఎవురు పెట్టమనిరి బొట్టు?" అన్నాను. ఆయనకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నా బల్ల మీద మిగిలిన పెన్‌డ్రైవ్ వైపు చూసి, తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా పసుపు ఉంది. పోయి గల్లాపెట్టె దగ్గర తన పరుపు మీద కూర్చున్నాడు. నేను అన్నది వెనక్కి తీసుకోవాలంటే ఏ పెన్‌డ్రైవూ లేదు.

కాసేపటికి అక్కడి నుంచే అన్నాడు. "హార్డ్‌డిస్కు ముందే పోయినాదని చెప్పప్పా. అందరూ చెప్పే మాటే గదా."

నిజమే. మా పనిలో అది తయారుగా ఉండే మాట. వెనక నేను చాలాసార్లు వాడాను. దాన్ని నోట్లో సిద్ధం చేసుకునే కూర్చున్నాను. మధ్యాహ్నం ఆమె దారపు ఉండలు, జిప్పులు, ఇత్తడి గుండీల పొట్లంతో వచ్చింది. మెడలో ఆ టేపు ఇంకా అలాగే ఉంది. దాన్ని చూసేసరికి తయారైన మాట పలకలేదు. ఏదైనా జోకు వస్తుందేమోనని చూశాను, అదీ రాలేదు.

"తప్పు చేసినానమ్మా. బాగుచేసేదానికి బదులు చెరిపేదాన్ని పెట్టినా. మూడుసార్లు అడిగింది, చదవకుండా నొక్కినా. మిషనుది తప్పు లేదు. పూజదీ లేదు. నాదే." చివరి ముక్క సావుకారుకు వినిపించేట్టు అన్నాను.

ఆమె స్టూలు మీద కూర్చుంది. మెడలోని టేపు తీసి, వేలికి మెల్లగా చుట్టుకుంటూ పోయింది.

"ఎందరు పోయినారు?"

"తెలీదమ్మా."

"అందరికీ ఫోన్ చెయ్యల్లనా నేను? రాండప్పా, మళ్ళా నిలబడండి అని చెప్పల్లనా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర జవాబులు చాలా ఉంటాయి.

భాయ్ ముందుకు వచ్చాడు. "అమ్మా, రెండు రోజులియ్యి. దీన్ని ఇప్పి తవ్వుతాం. అప్పటిదాకా ఎవ్వరికీ ఫోన్ నక్కో, చెయ్యొద్దు."

"సరే" అంది. "రెండు రోజులు నాకు నోరు లేదనుకుంటా." టేపు సంచిలో వేసుకొని బస్సుకు వెళ్ళిపోయింది.

చెరిపేసిన డిస్కులో నుంచి వెతికి తీయడమంటే కూలిన ఊరిని తవ్వినట్టే. పైన ఏమీ కనబడదు గానీ, కొత్తది దేని మీద పడలేదో అది కిందే ఉంటుంది. భాయ్ డిస్కు బయటికి తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి రెండు రోజులు జల్లెడ పట్టాడు. నేను పక్కన కూర్చుని ఫ్యాన్ ఆయన వైపు తిప్పాను. అన్నేళ్ళలో మొదటిసారి. ఆయన ఒకసారి ఫ్యాన్‌ను చూసి, ఒకసారి నన్ను చూసి, "ఇంత భయపడినావా మియా?" అన్నాడు.

ఆ రెండు రోజులూ సావుకారు నా బల్లకు బొట్టు పెట్టలేదు. అన్ని బల్లల దగ్గరకూ పోతాడు, నాది రాగానే పళ్ళెం పట్టుకొని దాటిపోతాడు. మూడో పొద్దున నేనే అడ్డం నిలబడ్డాను.

"సావుకారా, నా బల్లేం పాపం చేసె?"

"నువ్వు వద్దంటివి గదప్పా."

"నా స్క్రూడ్రైవరుకు పెట్టు. నా నెత్తికి పెట్టు. ఎంత పెద్దదైనా పెట్టు. ఇంకమీద నేను చదువుకుంటా."

"నువ్వా? చదువుకుంటావా?" అని ముసలాయన నవ్వి, స్క్రూడ్రైవరుకు ఒకటి, నా నొసట ఒకటి పెట్టాడు. కంట్లో కూడా కొంచెం పడింది. కన్ను నలుపుకుంటూ పోయి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

అదే పొద్దున ఆమె వచ్చింది. బొమ్మలు చాలావరకు దొరికాయి. కానీ అలా తవ్వి తీసినప్పుడు లోపలి సరుకు వస్తుంది, పైన రాసుకున్న పేర్లు రావు. పేర్లున్న చోట వట్టి అంకెలున్నాయి. తెరిస్తే రెండు కాళ్ళ బొమ్మ, అంగుళాల లెక్కలు. ఎవరివో చెప్పేది ఒక్క అక్షరం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు కలిసిపోయినట్టు కాళ్ళన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"పేర్లు రాలేదమ్మా" అన్నాను తల వంచుకొని.

"స్వల్ప పెద్దగ చెయ్యి బొమ్మను."

చేశాను. ఆమె ముందుకు వంగి చూసింది. ముఖం మీదికి నవ్వు వచ్చింది.

"ఇది మా ఇంటాయనది. దీన్ని గుర్తుపట్టకుంటే ఇంట్లోకి రానిస్తాడాప్పా? రాసుకో."

రెండోది తెరిచాను. "ఈయన లారీల ఆఫీసులో ఉంటాడు. కుడిచేత్తో తొడను పట్టుకొని నడుస్తాడు. జేబులో చెయ్యి పెట్టుకొన్నట్ల కనపడల్లని చెప్పి ఆ జేబుకు అడుగు పెట్టలేదు, చూడు." చూశాను. నిజంగానే ఆ జేబుకు అడుగు లేదు.

"ఇది బండ్రి ఊళ్ళో అంగన్‌వాడీ టీచరమ్మ చుడీదారు ప్యాంటు. ఎడమ మోకాలి కాడ బిగుతుంటే కింద కూచోలేదు. పిల్లోళ్ళతో కింద కూచోకుంటే ఆమెకు పొద్దుపోదు." తర్వాతిది. "ఈ తాతకు జిప్పు వద్దంట. ఐదు గుండీలు పెట్టు తల్లీ, జిప్పులు తొందరగల్లోళ్ళకు అంటాడు. మోటార్‌సైకిల్ మీద తొందరపడే కాలు పోగొట్టుకునె పాపం."

అలా సాయంత్రం దాకా. నేను బొమ్మ తెరవడం, ఆమె మనిషిని చెప్పడం. ఒక్కదానికీ తడుముకోలేదు. భాయ్ టంకం కడ్డీ పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. సావుకారు బేరం వచ్చినవాణ్ని కూర్చోబెట్టి తనూ వచ్చాడు. నేను పేర్లు కొడుతున్నాను. రెండు కాళ్ళకు ఒక పేరు, ఆ పేరులో మూడు తప్పులు. "మా ఇంటాయన పేరు అట్ల రాస్తే ఆయనే పలకడప్పా" అని ఆమె అంటూనే ఉంది. ఆ రోజు నేను చదివినంత చదువు ఎనిమిదేళ్ళ బడిలో చదవలేదు.

నలభై అయ్యాయి. ఇంక బొమ్మ లేదు. ఆమె వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకుంది.

"కెంచనగుడ్డ పుట్టాయన రాలేదు" అంది. కెంచనగుడ్డ దగ్గర ఏట్లో పుట్టి నడిపే మనిషి. భుజాలు బస్తాలంత ఉంటాయట, ఎడమ కాలు చెరుకుగడంత. "ఐదుసార్లు కుట్టి విప్పితి ఆయనకు. మొదటిసారి కొలతిచ్చేదానికి ఆరు నెల్లు వాయిదా వేసినాడు. నాకు గాక ఇంకెవురికీ ఆ కాలు చూపిచ్చినోడు కాదు."

"నేనొస్తానమ్మా. నేనే చెప్తా ఆయనకు."

ఆదివారం ఇద్దరం బస్సులో వెళ్ళాం. ఏటి గట్టు మీద ఆయన ఇల్లు. గడపలోనే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విన్నాడు. నన్ను కింద నుంచి పైకి, మళ్ళీ పై నుంచి కిందికి చూశాడు. లోపలికి రమ్మన్నాడు. ఆమె టేపు తీసింది. ఆయన గోడ పట్టుకొని నిలబడి ప్యాంటు పైకి మడుస్తుంటే, నేను అటు తిరిగి గోడ మీద క్యాలెండరు చూడసాగాను. నాకు చదువు రాకపోయినా ఆ నెల తేదీలన్నీ చదివాను.

"ఏంటికప్పా గోడ చూస్తాండావు?" అన్నాడు వెనక నుంచి. "నువ్వు చెరిపిన కాళ్ళే గదా. చూసిపో."

తిరిగాను. ఆమె, "సుమ్నె ఊరికే నిలబడకు, ఈ కొస పట్టుకో" అని టేపు ఒక చివర నా చేతికి ఇచ్చింది. మడమ దగ్గర పట్టుకొని కూర్చున్నాను. ఆ కాలు సరిపోవడానికి ఈసారి మూడుసార్లు పట్టింది, ఐదు పట్టలేదు. మూడుసార్లూ నేను వెళ్ళాను, మూడుసార్లూ కొస పట్టుకున్నాను. ఆఖరిసారి ఆ ప్యాంటు వేసుకొని ఆయన నన్ను పుట్టిలో ఎక్కించుకొని అవతలి గట్టుదాకా తీసుకుపోయాడు. ఈత వచ్చా అని అడిగాడు. రాదన్నాను. "ఏ పనీ సరిగ్గా నేర్చుకోలేదా నువ్వు?" అన్నాడు.

తమ్ముళ్ళూ, కాపీ తీసుకోండి, తెర మీదది చదవండి అని మీకు ఎవరైనా చెబుతారు. ఎనిమిదో తరగతి వాడు చెప్పనక్కర్లేదు. నేను చెప్పేది ఇంకోటి. దాంట్లో ఏముంది అని అడిగి పని మొదలుపెట్టండి. నేనూ అడిగాను. అడిగి, విని, మరచిపోయాను. అది ఇంకా పెద్ద తప్పు.

మరుసటి ఏడు ఆయుధపూజకు ఆమె కంప్లి నుంచి నెట్‌బుక్కు తీసుకొచ్చి సావుకారు చేతనే బొట్టు పెట్టించుకుంది. తర్వాత సంచిలో నుంచి రెండు చిన్న తిత్తులు తీసి నా ముందు పెట్టింది. జీన్స్ ముక్కలతో కుట్టినవి, ఒక్కొక్కటి ఒక పెన్‌డ్రైవ్ పట్టేంత. ఒకదానికి జిప్పు ఉంది. ఇంకోదానికి బారుగా ఐదు ఇత్తడి గుండీలు, కాజాలు కావాలనే బిగుతుగా కుట్టింది. చూపు తగ్గి నేను పని మానేశాక కూడా ఆ రెండూ నా పెట్టెలో ఉన్నాయి. ఇప్పటికీ తడిమి చెప్పగలను ఏది ఏదో.

"జిప్పుది బాగుచేసేదానికి. గుండీలది చెరిపేదానికి" అంది. "బొట్టు ఎంత పెట్టినా ఇంక మారవు."

నాకు నోరు ఊరుకోదు కదా. గుండీల తిత్తిని విప్పి చూడబోయాను. రెండు విప్పేసరికి గోరు నొప్పి పుట్టింది. "ఏందమ్మా ఇది, ఊళ్ళో జిప్పులు అయిపోయినాయా? ఇవన్నీ విప్పేలోపల కస్టమరు ముసలోడైపోతాడు" అన్నాను.

ఆమె తలెత్తలేదు. జిప్పు తిత్తికి మిగిలిన దారం కొసను పంటితో కొరుకుతూనే అంది:

"ముసలోడైతే కానీప్పా. వాని కాళ్ళు వానికుంటాయి."